గూడబాతు మీద అంటించిన కాగితం

కమిషన్ అనగానే మా నాన్న విచారణ కమిషన్ అనుకున్నాడు. ఎవరి మీద, ఏం తప్పు చేశాడు అని అడిగాడు. తప్పు కాదు నాన్నా, ఆ చిత్రకారుడు పుట్టి వందేళ్లు నిండబోతున్నాయి, ప్రభుత్వం ఏడాదంతా ఉత్సవాలు చేస్తుంది, వాటిని నడపడానికి కమిషన్ వేస్తున్నారు, ఆ ఆఫీసులోనే నాకు ఉద్యోగం అని చెప్పాను. పండగ చేసుకోవడానికి కమిషనెందుకే అని నవ్వాడు. నాకు కోపం వచ్చి కంచం ముందు నుంచి లేచిపోయాను. ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఇప్పుడూ పెద్దగా మారానని చెప్పను.

ఆ చిత్రకారుడి బొమ్మ చూడనివాళ్లు తక్కువ. స్కూల్లో డ్రాయింగ్ పుస్తకం అట్ట మీద ఉండేది. ఒకే గీతలో పక్షి. ముక్కు దగ్గర కుంచె ఆనిస్తే, మెడ మీంచి వీపు మీంచి తోక దాకా వెళ్లి, మళ్లీ కడుపు కిందుగా వచ్చి ముక్కులోనే కలిసేది. మధ్యలో చెయ్యి లేపడు. దేశం మొత్తం ఆయన్ని గౌరవించింది. పుట్టింది మాత్రం వజ్రపుకొత్తూరు దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో, చేపల వేటకెళ్లే ఇంట్లో. కుర్రతనంలోనే ఊరు విడిచిపెట్టాడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు. దూరపు నగరంలో పోయాడు.

నిజానికి నేను చేరేటప్పటికి కమిషన్ ఇంకా పుట్టలేదు. ఫైలు తిరుగుతోంది. ప్రభుత్వం ఏదైనా కొత్తగా వేయాలంటే ముందు ఒక నోటు తయారవ్వాలి, ఆ నోటు వెనకాల జాబితాలు ఉండాలి. సభ్యులెవరు, సభలెక్కడ, కాపాడాల్సిన వస్తువులేవి. ఆ ఆఖరి జాబితా నా పని. మా సెక్రటరీగారు రిటైరయ్యాక మళ్లీ పిలిపించుకున్న పెద్దాయన, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. చిత్రకారుడి సొంతూళ్లో ఆయన చెయ్యి తగిలిన వస్తువు ఒక్కటి దొరికితే చాలమ్మా, ఫైలుకి బరువొస్తుంది అని నన్ను పంపించాడు.

నేను విశాఖలో పుట్టి పెరిగాను. పలాస అంటే నాకు జీడిపప్పు ప్యాకెట్ మీద ఉండే పేరు, అంతే. మే నెలలో రైలు దిగితే ఊరంతా జీడిపిక్కలు కాల్చిన వాసన. ఆటో ఎక్కి, కొబ్బరి తోటల మధ్య నుంచి వెళ్తున్నంతసేపూ ఫోన్లోనే ఉన్నాను. సిగ్నల్ పోయాక తలెత్తితే సముద్రం కనిపించింది.

వేట నిషేధం నెలలవి. బోట్లన్నీ ఇసుక మీదకి లాగేసి ఉన్నాయి. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లని, ఆయన గీసిందేదైనా ఊళ్లో ఉందా అని అడిగితే, ఆలోచించకుండా ఒకే ఇల్లు చూపించారు. గూడబాతు సెక్కా, ముసలోడి కాడుంది ఎల్లు అన్నారు. ఇంత సులువా అనుకున్నాను.

ముసలాయనకి డెబ్భై ఉంటాయి. చిన్న మనిషి. కాళ్లు కొంచెం ఉబ్బి ఉన్నాయి. ఎడమ మోచేతి దగ్గర నరం తాడులా పైకి తేలి ఉంది. వారానికి మూడు రోజులు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటాడని కోడలు చెప్పింది. ఇంటికొకరికి కిడ్నీ జబ్బున్న ఆ ఊళ్లో ఈ మాటని ఎవరూ బాధగా చెప్పరు, బస్సు టైము చెప్పినట్టు చెప్తారు. కోడలు ఎండుచేపలు తిరగేస్తూ మాట్లాడింది. నాకంటే పదేళ్లు పెద్దదేమో. మాటకి ముందు ఒకసారి మనల్ని పైనించి కిందకి చూస్తుంది.

కొడుకు ఫైబర్ బోటు ముందు భాగంలో, బోల్టులతో బిగించి, ఆ చెక్క ఉంది. బారెడు పొడుగు, నల్లగా నిగనిగలాడుతోంది. దాని మీద గూడబాతు, ముక్కు కింద సంచి వేలాడేది. శీతాకాలం ముందు టెక్కలి దగ్గర తేలినీలాపురం వచ్చి గూళ్లు పెట్టుకుంటాయే, అదే పక్షి. అదే గీత. ఏ గ్యాలరీలోనూ లేని, ఏ పుస్తకంలోనూ రాని బొమ్మ.

ముసలాయన కథ మొదలుపెట్టాడు. ఆ చిత్రకారుడు నలభై ఏళ్లప్పుడు, తల్లి పోతే ఊరొచ్చి, దినాలయ్యాక కూడా రెండు నెలలు ఉండిపోయాడట. అప్పటికి ఈయన పదేళ్ల పిల్లాడు. వీళ్ల నాన్న కొత్త నావ కట్టించుకుని, ముందు చెక్క మీద ఏదైనా గీసిపెట్టమని అడిగాడట. ఎంత దూరం పోయినా ఏటా అదే చెట్టుకి తిరిగొచ్చే పక్షి, నావ కూడా అలాగే ఒడ్డుకి రావాలి అని చెప్పి ఇది గీశాడట. ఆ నావ పాడైపోయింది, తర్వాతదీ పోయింది. చెక్కని మాత్రం ఊడదీసి కొత్తదానికి బిగించుకుంటూ వచ్చారు.

నేను వింటూనే ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూస్తున్నాను. అక్కడ కనిపించింది. గీత ఒక పొర కాదు. పొర మీద పొర, పొర మీద పొర, అంచుల్లో ఉల్లిపాయలా.

దీని మీద ఎవరు పూశారు అని అడిగాను.

"నానే పాపా. ఏటేటా నానే గీత్తాను" అన్నాడు. ఎంత గర్వంగా అన్నాడో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఈ ఏడు మా కోడలికి అప్పసెప్పీదామనుకున్నాను. వొచ్చే ఏటికి నానుంతానో నేదో. వేట తెరిసే ముందు రోజు దాని సేత గీయిత్తాను, సూద్దువుగాని."

మామూలు మనిషైతే ఇక్కడ ఇంకో ప్రశ్న అడిగేది. ఎందుకు ఏటా గీస్తున్నారు, ఎవరు గీయమన్నారు అని. నేను అడగలేదు. నేను అరిచాను. జాతీయ కళాకారుడి చేతి గీత మీద మీరు రంగు పూయడమేంటి, ఇది ఎంత విలువైనదో తెలుసా, మీ మూలంగా అసలు గీత అడుగున సమాధైపోయింది, ఇంక దీన్ని ఏ మ్యూజియం తీసుకుంటుంది అన్నాను. వలల దగ్గరున్నవాళ్లు లేచి వచ్చారు. ముసలాయన ఏదో చెప్పబోయాడు. "ఆయన నాతో..." అంటూ మొదలుపెట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాను.

పక్కింటావిడ పకపకా నవ్వి, "ఓలమ్మ, ముసిలోడికి జైలుకూడు రాసిపెట్టున్నాది" అంది. అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వబోయి మానేశాడు. నేనదంతా వీడియో తీశాను. చెక్కని, పొరల్ని, ఆయన మొహాన్ని కూడా. తిరిగి వెళ్లేటప్పుడు ఆటోలో సిగ్నల్ రాగానే, మన వారసత్వాన్ని మనమే ఎలా పాడుచేసుకుంటున్నామో చూడండి అని రాసి నెట్‌లో పెట్టేశాను. పలాస లాడ్జిలో పడుకుని లేచేసరికి ఎక్కడెక్కడివాళ్లో చూసి, తిట్టి, ఇంకొకళ్లకి పంపించుకున్నారు. నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్లు చదువుకుంటూ టిఫిన్ తిన్నాను.

అదే పొద్దున పలాసలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లి కాగితం ప్రింట్ తీయించాను. పైన ప్రభుత్వ చిహ్నం, కింద పెద్ద అక్షరాల్లో: ఇది శతజయంతి కమిషన్ పరిరక్షణలో ఉన్న కళాఖండం, ఎవరూ తాకరాదు. కమిషనే లేదప్పటికి. ఆ చిహ్నం వాడే హక్కు నాకెవరూ ఇవ్వలేదు. మళ్లీ ఆ ఊరికెళ్లాను. టేపు ఆ నూనె చెక్క మీద నిలబడలేదు, అందుకని వెనక్కి వెళ్లి గట్టి జిగురు కొనుక్కుని మరీ వచ్చాను. కుడిపక్క కింది మూల ఖాళీగా కనిపించింది. పూర్తిగా ఖాళీ కాదు, పక్షి తోక అక్కడికి వచ్చి తిరుగుతుంది. కొంచెమే కదా అనుకున్నాను. జిగురు రాసి, అరచేత్తో నొక్కి అంటించేశాను.

పదిహేను రోజుల్లో కమిషన్‌వాళ్లు వస్తారు, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకండి అని చెప్పాను. వేట తెరిసేది నెల తరవాత గదా, ఈలోపు అయిపోతాదిలే అని కోడలు మామగారికి చెప్పింది. ముసలాయన మాత్రం ఆ కాగితాన్నే చూస్తున్నాడు. చదువు రాదాయనకి. చిహ్నం గుర్తుపట్టాడు, రేషన్ కార్డు మీద ఉండేదే కదా. నేను ఆటో ఎక్కుతుంటే దగ్గరికొచ్చి చాలా నెమ్మదిగా అడిగాడు.

"నిజిమేనేటి పాపా? నాను పాడుసేసీసినానేటి?"

అవును అన్నాను. తల కూడా పూర్తిగా ఎత్తలేదు. ఫోన్లో ఎవరికో జవాబు కొడుతున్నాను.

ఆఫీసుకి వచ్చాక సెక్రటరీగారు నోటు పూర్తి చేస్తూ ఒకటి అడిగాడు. సభ్యుల్లో ఒక చోటు ఆ ప్రాంతం మనిషికి ఉంచాం, ఆయన పని గురించి తెలిసినవాళ్లు అక్కడెవరైనా కనిపించారా అని. ఎవరూ లేరు సార్ అన్నాను. ఉన్న ఒక్కాయనా ఉన్నదాన్ని చెడగొట్టాడు అని కూడా అన్నాను. ఆయన వీడియో చూశాడు కాబట్టి ఇంకేం అడగలేదు. ఆ చోటులోకి టెక్కలి నుంచి ఎవరో పెద్దమనిషి పేరు వచ్చింది. ఆయన ఆ ఊరు ఎప్పుడూ వెళ్లలేదని తర్వాత తెలిసింది.

పదిహేను రోజులు అన్నాను కదా. అధ్యక్షుడిగా ఒకరి పేరు రాస్తే పైనుంచి ఇంకొకరి పేరు వచ్చింది. వాళ్లు ఒప్పుకునేసరికి సభ్యుల సంఖ్య ఎక్కువైందని ఫైలు వెనక్కి వచ్చింది. తగ్గిస్తే, తీసేసినవాళ్లు అలిగారు. నేను అందరి మీదా చిరాకు పడుతూ, టైపు చేసిందే చేస్తూ జూన్ గడిపేశాను.

జూన్ మధ్యలో, వేట తెరిచే ముందురోజు కోడలు ఫోన్ చేసింది. మీటింగులో ఉన్నాను, తీయలేదు. మళ్లీ చేసింది. బయటికొచ్చి తీస్తే, బోటు రేపు దిగుతుంది, మీవాళ్లు రాలేదు, మావయ్య కుంచె తయారుచేసుకుని కూర్చున్నాడు, గీసుకోమంటారా అని అడిగింది. వద్దన్నాను. అయితే కనీసం నూనైనా రాయనిస్తారా అంది. ఏటా గీత గీసే ముందు చెక్కంతా జీడితొక్కల నూనె పట్టిస్తారట, మసి కలిపి గీసేదీ అదే నూనెతోనట. నా బుర్రలో ఒకటే మాట ఉంది అప్పుడు, తాకరాదు.

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా? ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అని అరిచి పెట్టేశాను.

ఆ తర్వాత ఆ నంబరు నుంచి నాకు చాలాసార్లు మిస్డ్ కాల్స్ వచ్చాయి. తర్వాత రావడం మానేశాయి.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. చెక్కని బోటు మీద ఉంచి సముద్రంలోకి తీసుకెళ్తే ఉప్పునీళ్లు తగిలి కాగితం చిరుగుతుందని భయపడ్డారు. గవర్నమెంటు కాగితం చిరిగితే ఏమవుతుందో వాళ్లకి తెలీదు. అందుకని బోల్టులు విప్పి చెక్కని తీసి ఇంటి ముందు కొబ్బరాకుల పాక కింద గోడకి ఆనించారు. చెక్క మీద ఆ గీత పడినప్పటి నుంచి ఆ ఇంటి బోటు గూడబాతు లేకుండా నీళ్లలోకి దిగడం అదే మొదటిసారి. కొడుకు తిరిగొచ్చేదాకా ఆయన ఒడ్డునే నిలబడ్డాడట. ఆ తర్వాత కూడా, బోటు వెళ్లిన ప్రతి రోజూ.

సెప్టెంబర్ చివర్లో ఉత్తర్వు వచ్చింది. కమిషన్ పుట్టింది. ఆఫీసులో స్వీట్లు పంచుకున్నాం. ఉత్తర్వు వెనక కాపాడాల్సిన వస్తువుల జాబితాలో మొదటి పేరు నేను రాసిందే: గూడబాతు, చెక్క మీద నల్లరంగు. దాన్ని ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను.

నవంబర్‌లో టెక్కలి గెస్ట్‌హౌస్‌లో మొదటి సమావేశం పెట్టి, అక్కడి నుంచి నాలుగు కార్లలో ఊరికి వెళ్లాం. సభ్యులతో పాటు పాత బొమ్మల్ని బాగుచేసే నిపుణుడు ఒకాయన వచ్చాడు. దారిలో నేను ఆయనకి పొరల గురించి, అడుగున ఉన్న అసలు గీతని ఎలా బయటికి తీయొచ్చనే దాని గురించి చదివినదంతా చెప్తూ వచ్చాను.

చెక్క గోడకి ఆనించి ఉంది. నేను గుర్తుపట్టలేదు. నలుపు పోయి బూడిదరంగులోకి తిరిగింది. నిలువునా పగుళ్లు. మే నెలలో నిగనిగలాడిన గీత ఎండిన బురదలా పెచ్చులు పెచ్చులుగా లేచి, మెడ దగ్గర సగం రాలిపోయింది. కింద ఇసుకలో నల్లటి చిన్న చిన్న ముక్కలు. ఒక అంచున పురుగు తొలిచిన రంధ్రాలు. నా కాగితం మాత్రం చెక్కుచెదరలేదు. అంత ఎండకీ, అంత వానకీ.

నిపుణుడు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. వేలితో పొడి తీసి వాసన చూసి, దీనికి జీడినూనె పెట్టేవారు కదా అని అడిగాడు. పెట్టేవాళ్లమని కోడలు చెప్పింది. మరి అదే దీన్ని ఇన్నేళ్లు బతికించింది, ఉప్పుగాలిలో చెక్క ఇంతకాలం ఉండడం మాటలా, ఏటా పొర పడింది కాబట్టి కింద పొర నిలిచింది అన్నాడు. నా వైపు తిరిగి, అసలు గీత అంటూ వేరే లేదమ్మాయ్, ఇదంతా కలిపే గీత అన్నాడు. తర్వాత ముసలాయన్ని అడిగాడు.

"ఈ ఏడు ఎందుకు ఆపేశారు తాతగారూ? ఎవరాపమన్నారు?"

అధ్యక్షుడున్నాడు, సెక్రటరీగారున్నారు, టెక్కలి పెద్దమనిషి ఉన్నాడు. నేను వాళ్ల వెనకాల ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాను. ముసలాయన నన్ను చూశాడు. కోడలు నోరు తెరవబోతే చేత్తో ఆపాడు.

"ఎవులూ ఆపనేదు బాబూ. వొయిసైపోనాది. నానే ఒగ్గీసినాను" అన్నాడు.

నేను మాట్లాడాల్సింది. ఒక్క మాట. నేనే ఆపాను సార్ అంటే సరిపోయేది. నాకు అన్నిటికీ నోరు లేస్తుంది, ఆటోవాడి మీద లేస్తుంది, నాన్న మీద లేస్తుంది, అప్పుడు లేవలేదు. నిపుణుడు తలూపి వేరే ప్రశ్నలోకి వెళ్లిపోయాడు. ముసలాయన అప్పుడు చెప్పాడు, మే నెలలో నేను చెయ్యడ్డం పెట్టి ఆపిన మాట. ఊరు వదిలి వెళ్లే ముందు ఆ చిత్రకారుడు ఈ పిల్లాడి చెయ్యి పట్టుకుని మూడు రోజులు ఇసుకలో అదే గీత గీయించాడట. ఏటా వేటకి ముందు దీని మీద నువ్వు గియ్యి, ఒక్క ఏడు కూడా మానకు, నువ్వు ముసలాడివైతే ఇంకొకళ్ల చేతికివ్వు అన్నాడట. పక్షి ఏటా వస్తేనే పక్షి అన్నాడట.

సభ్యులు ఆ మాట బాగుందని నోట్ చేసుకున్నారు.

చెక్కని మ్యూజియానికి తీసుకెళ్లాలా వద్దా అని వాళ్లు మాట్లాడుకుంటూ సముద్రం వైపు నడిచారు. తీసుకెళ్లినా నిలవదు, నూనె పట్టించి మళ్లీ గీయడమే దీనికి మందు అని నిపుణుడు చెప్తూ వెళ్లాడు. నేను మిగిలాను. గీయండి, ఇప్పుడే గీయండి, నేను చెప్తున్నాను కదా అన్నాను. చెప్పడానికి నేనెవర్ని అనే ఆలోచన అప్పుడు కూడా రాలేదు.

కోడలు నన్ను పైనించి కిందకి చూసింది. "ఏ సేత్తో గీయమంతావు?" అంది.

అప్పుడు చూశాను. ముసలాయన కుడిచేతికి మోచేతి నుంచి మణికట్టు దాకా కట్టు. ఎడమ చేతిలో సూదులు గుచ్చే నరం ఆగస్టులో మూసుకుపోయిందట. కుడిచేతికి ఆపరేషన్ చేసి అక్కడ కొత్త దారి పెట్టారు. అప్పటి నుంచి వేళ్లు తిమ్మిరెక్కి ఉంటున్నాయి, గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. జూన్‌లో ఆ చెయ్యి బాగానే ఉంది. కుంచె పట్టుకుని కూర్చున్నది కూడా ఆ చేత్తోనే.

ముసలాయన కోపం తెచ్చుకోలేదు. కాగితం వైపు చూపించి, "నువ్వే అంటించినావు, నువ్వే తియ్యి తల్లీ" అన్నాడు.

గోటితో ఒక మూల లేపి మెల్లగా లాగాను. అంత మెల్లగా నా జీవితంలో ఏ పనీ చేసి ఉండను. కాగితం వచ్చింది. దానితో పాటు జిగురు పట్టినంత మేరా నలుపు మొత్తం వచ్చేసింది, అరవై ఏళ్ల పొరలు ఒకే అట్టలాగా. వెనక్కి తిప్పి చూస్తే కాగితం మీద తోక ఉంది, తిరగబడి, ముక్కలై. కొస దగ్గర రెండు వేళ్ల వెడల్పున పొడైపోయింది. చెక్క మీద తెల్లటి మచ్చ.

సరే, ఫొటోలున్నాయి కదా అనుకున్నాను. నా ఫోన్లో ఆ చెక్క ఫొటోలు వందల్లో ఉన్నాయి. అక్కడే ఇసుకలో కూర్చుని ఒక్కోటీ తోస్తూ చూశాను. మొదటి రోజువి అన్నీ దగ్గర్నుంచి తీసినవి. పొరలు, అంచులు, పగుళ్లు. నేరం రుజువు చేయడానికి తీసినవి. వీడియోలో చెక్క కంటే ముసలాయన మొహమే ఎక్కువుంది. పక్షి మొత్తం కనిపించేలా తీసినవి రెండో రోజువి, కాగితం అంటించాక. అన్నిట్లోనూ తోక కాగితం కింద ఉంది. ఇంత పేరున్న మనిషి గీసిన బొమ్మని ఊళ్లో ఎవరైనా తీసి ఉంటారు కదా అని అడిగాను. ఎందుకు తీస్తాం, రోజూ ఎదురుగానే ఉండేది గదా అన్నారు.

ఆ రోజే కోడలు ప్రయత్నించింది. నూనె పట్టించి, మొగలి చెట్టు ఊడ నలగ్గొట్టి చేసిన కుంచె మసిలో ముంచి, మామగారు పక్కన కూర్చుని చెప్తుంటే గీసింది. ఆయన ఒక్కోచోట జానెడనీ, ఒక్కోచోట బెత్తెడనీ కొలతలు చెప్పాడు. ఆ జానెడు ఆయన చేతిది, ఆవిడ చెయ్యి చిన్నది. మెడ మలుపు దగ్గర కుంచె ఆగిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ ఆగింది. ఆయన చెయ్యి ఆవిడ చేతి మీద ఉండి గీయించాల్సిన గీత అది. మూడోసారికి కుంచె నూనె డబ్బాలో పడేసి చేపల దగ్గరికి వెళ్లిపోయింది. ముసలాయన వెనక నుంచి, ఫరవాలేదే, పిట్టలాగే ఉన్నాదిలే అన్నాడు. "కాకిలాగున్నాది మావా" అంది ఆవిడ, తిరక్కుండానే.

మెడ దగ్గర విరిగి, తోక దగ్గర ఎక్కడో ఒకచోట ఆగిన ఆ పక్షినే మళ్లీ బోటుకి బిగించుకున్నారు.

జనవరిలో శతజయంతి చిహ్నం విడుదలైంది. కమిషన్ ఏకగ్రీవంగా గూడబాతునే ఎంచుకుంది. ఎవరో కంప్యూటర్ మీద గీశారు, నేను ఫైల్లో పెట్టిన ఫొటో చూసి. కాగితం ఉన్న ఫొటో. తోక ఉండాల్సిన చోట కాగితం అంచు వెంబడి గీత నిలువుగా తెగి ఉంది. అదొక కొత్తదనం అని మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు ఆ పక్షి బ్యానర్ల మీద, ఆహ్వానాల మీద, బడిపిల్లల బ్యాడ్జీల మీద అంతటా ఉంది. భావనపాడు హార్బరు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. చేపలు దించుకునేవాళ్లు దాన్ని చూసి, తోక తెగిన బాతు ఎక్కడికి తిరిగొత్తాది అని నవ్వుకుంటున్నారని ఆటో అతను చెప్పాడు.

సెక్రటరీగారికి ఆలస్యంగా చెప్పాను, జరిగింది మొత్తం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇప్పుడు చెప్తే ఏం చేయగలమమ్మా అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. వీడియో తీసేశాను, కానీ అది నా దగ్గర నుంచి పోయింది గానీ లోకం దగ్గర నుంచి పోలేదు. ఇప్పటికీ ఎవరో ఒకరు ముసలాయన్ని తిడుతూ పంపించుకుంటూనే ఉన్నారు.

పోయిన నెల ఎవరికీ చెప్పకుండా పలాస వెళ్లాను, ఆయన డయాలసిస్ రోజు చూసుకుని. వరసగా మంచాలు, పక్కన మిషన్లు. కోడలు నన్ను చూసి పలకరించకుండా, స్టూలు మాత్రం నా వైపు జరిపి టీకి వెళ్లిపోయింది. ఆయన కుడిచేతికి గొట్టాలున్నాయి. చాలా చిక్కిపోయాడు. క్షమించమని అడగడానికి దారంతా మాటలు కూడబలుక్కున్నాను. తీరా ఆయన పక్కన కూర్చున్నాక, తోక ఎలా తిరుగుతుంది తాతా అని అడిగాను.

ఆయన గొట్టాలు లేని చెయ్యి దుప్పట్లోంచి బయటికి తీశాడు. తర్వాత, "సెయ్యి సాపు" అన్నాడు. సాచాను. ఎడమచేతి చూపుడువేలు నా అరచేతి మీద పెట్టాడు. వేలు చల్లగా ఉంది. బొటనవేలి మొదట్లో ముక్కు పెట్టి, మెడ తిప్పి, వీపు మీంచి మణికట్టు దాకా తెచ్చి, అక్కడ ఎటో చిన్నగా మెలితిప్పి వెనక్కి తీసుకొచ్చాడు. ఎక్కడా ఆగలేదు.

"సూసినావా?" అన్నాడు.

ఇంకోసారి అన్నాను. రెండోసారి గీశాడు. అప్పుడు నా ఎడమచేతిలో ఫోనుంది, వీడియో ఆన్ చేసే ఉంది.

ఆ వీడియో ఇంటికొచ్చాక ఎన్నిసార్లు చూశానో. ఒక ముసలి వేలు నా అరచేతి మీద కదులుతుంది. చాలా స్పష్టంగా ఉంది, గోరు కింద నలుపు కూడా కనిపిస్తుంది. వేలు ముందుకి పోతున్నకొద్దీ వెనకాల ఏమీ మిగలదు.

కాగితం మీద పెన్సిల్ పెట్టి, వీడియో ఆపి ఆపి గీస్తున్నాను. మణికట్టు దగ్గర మెలిక నాకింకా రావడం లేదు. వచ్చే జూన్‌లో వేట తెరిచేలోపు వస్తే కోడలికి ఇవ్వాలి. ఫోన్ చేస్తే ఆవిడ తీయడం లేదు.